ఏడాదిలో నాలుగున్నర సెంటీమీటర్లు తగ్గిన ‘సిట్ అండ్ రీచ్’ కొలత: లోపం పిల్లవాడిదా, కొలతదా?

ఊరిబడి_పీఈటీ (ఉమ్మడి నల్గొండ జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. ఖేలో ఇండియా ఫిట్‌నెస్ పరీక్షల్లో నాలుగో తరగతి నుంచి పై పిల్లలకు 600 మీటర్ల పరుగు, 50 మీటర్ల పరుగు, పుష్‌అప్‌ల వంటి వాటితో పాటు సిట్ అండ్ రీచ్ కూడా ఉంటుందని ఇక్కడి పీఈటీలందరికీ తెలుసు. కాళ్లు చాపుకుని కూర్చుని, పాదాలను పెట్టెకు ఆనించి, మోకాళ్లు లేవకుండా ముందుకు వంగితే వేళ్లు స్కేలు మీద ఎంతవరకు పోయాయో చూసి రాసుకునే పరీక్ష అది.

నా ఇబ్బంది ఇది. మా ఏడో తరగతిలో ఒక పిల్లవాడు ఉన్నాడు. బడి కబడ్డీ జట్టులో మంచి రైడర్. నిరుడు అతని కొలత 26 సెంటీమీటర్లు, ఈ ఏడాది 21.5. అదే ఏడాదిలో అతని 50 మీటర్ల పరుగు వేగం మెరుగైంది, ఎత్తు 143 సెంటీమీటర్ల నుంచి 151కి పెరిగింది. రిజిస్టరు చూసిన మా ప్రధానోపాధ్యాయులు, డ్రిల్ పీరియడులో స్ట్రెచింగ్ చేయించడం మానేశారా అని నన్ను అడిగారు. అంతకంటే బాధ కలిగించిన విషయం ఏమిటంటే, నిన్న సాయంత్రం బడి వదిలిన తర్వాత ఆ పిల్లవాడు వరండాలో కాళ్లు చాపుకుని కూర్చుంటే స్నేహితుడు వెనక నుంచి రెండు చేతులతో వీపు మీద అదుముతున్నాడు. ‘నంబరు పెంచుకుంటున్నా సార్’ అన్నాడు. కొలత తగ్గడానికి కారణం ఏమై ఉంటుందో, దీన్ని ఎంతవరకు పట్టించుకోవాలో అనుభవమున్నవారు చెప్పగలరు.

కోణమాపకం (ఫిజియోథెరపిస్ట్, విశాఖపట్నం)

మాస్టారూ, ముందుగా ఆ వీపు మీద అదిమే పనిని ఈ రోజే ఆపించండి. మిగతా విషయాలు నిదానంగా మాట్లాడుకోవచ్చు. ఎత్తు వేగంగా పెరుగుతున్న పిల్లల్లో కండరం ఎముకకు అతుక్కునే చోట ఇంకా మృదులాస్థి ఉంటుంది కాబట్టి, బయటివాళ్లు పెట్టే బలవంతపు లాగుడును అది పెద్దవాళ్లలోలాగా తట్టుకోలేదు.

ఇక పరీక్ష సంగతి. దీన్ని 1952లో వెల్స్, డిల్లన్ అనే ఇద్దరు అమెరికాలో ప్రతిపాదించారు. నడుము, తొడ వెనక కండరాలు రెండూ ఎంత సాగుతాయో ఒకే దెబ్బతో తెలుస్తుందని అప్పట్లో అనుకున్నారు. తర్వాత జరిగిన పరిశోధనల్లో తేలిందేమిటంటే, ఇది తొడ వెనక కండరాల సాగుదలను ఓ మోస్తరుగా మాత్రమే చూపగలదు, నడుము సంగతి మాత్రం సరిగా చెప్పలేదు. 13 నుంచి 15 ఏళ్ల అమ్మాయిల మీద చేసి 1986లో ప్రచురించిన ఒక అధ్యయనంలోనూ ఇదే ఫలితం వచ్చింది. కాబట్టి ఈ అంకె చూసి ఫలానా పిల్లవాడి నడుము బిగుసుకుపోయిందని మనం అనడానికి వీల్లేదు.

రెండో చిక్కు శరీరపు కొలతలది. చేతులు పొడవుగా, కాళ్లు పొట్టిగా ఉన్న పిల్లవాడు పెద్దగా వంగకుండానే కాలివేళ్లను దాటేస్తాడు. పన్నెండు, పదమూడేళ్ల వయసులో జరిగేది సరిగ్గా దీనికి తిరగబడ్డ పరిస్థితి: ఎదుగుదల జోరందుకున్నప్పుడు ముందు కాళ్లు సాగుతాయి, మొండెం ఆ తర్వాత అందుకుంటుంది. సగటున ఆడపిల్లల్లో ఈ జోరు పన్నెండేళ్ల ప్రాంతంలో, మగపిల్లల్లో పద్నాలుగేళ్ల ప్రాంతంలో తారస్థాయికి చేరుతుంది. మగపిల్లల సిట్ అండ్ రీచ్ సగటు పన్నెండేళ్ల వయసు అటూ ఇటూ కిందికి దిగి, ఆ తర్వాత పదిహేడు, పద్దెనిమిది దాకా మళ్లీ పెరుగుతుంది. ఏడాదిలో ఎనిమిది సెంటీమీటర్లు పెరిగిన మీ పిల్లవాడు ఆ పల్లంలోకి దిగుతూ ఉండవచ్చు.

ఈ శరీరపు తేడాను తీసివేయడానికి ఒక పద్ధతి ఉంది. పిల్లవాణ్ని గోడకు వీపు, తల ఆనించి కూర్చోబెట్టి, చేతులు, భుజాలు మాత్రం ముందుకు చాపి వేళ్లు ఎక్కడిదాకా వచ్చాయో చూసి, ఆ చోటునే సున్నాగా పెట్టుకోవాలి. అక్కడి నుంచి వంగినప్పుడు ఎంత ముందుకు పోతే అదే కొలత. హోగర్ అనే పరిశోధకుడు 1980ల చివర్లో సూచించిన సవరణ ఇదే. జపాన్ బడుల్లో 1990ల చివరి నుంచి వాడుతున్న పరీక్ష కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది. అంతకుముందు అక్కడ నిలబడి ముందుకు వంగే పరీక్ష ఉండేది.

డ్రిల్_మాస్టారు (విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు, తెనాలి)

ముప్పై నాలుగేళ్లు డ్రిల్ చెప్పినవాడిని. మా కాలంలో పెట్టె లేదు, స్కేలు లేదు, ఫోనులో యాప్ అసలే లేదు. వరుసలో నిలబెట్టి మోకాళ్లు వంగకుండా నేల తాకమంటే తాకినవాడు తాకాడు, తాకనివాడికి ఇంకో నెల అభ్యాసం. మొక్కై వంగనిది మానై వంగుతుందా అని పెద్దలు ఊరికే అనలేదు. చిన్నప్పుడే వంచాలి. ఇప్పుడు సెంటీమీటరుకు సెంటీమీటరు చర్చించుకునే బదులు ఆ పిల్లవాడి చేత పొద్దునా సాయంత్రం సూర్యనమస్కారాలు చేయిస్తే సరిపోతుందని నా మనవి.

కోణమాపకం (ఫిజియోథెరపిస్ట్, విశాఖపట్నం)

మాస్టారికి నమస్కారాలు. సూర్యనమస్కారాల విషయంలో మీతో నాకు పేచీ లేదు. సామెత విషయంలో మాత్రం చిన్న పేచీ ఉంది. మొక్క రోజురోజుకీ గట్టిపడుతూ పోతుంది కానీ, మగపిల్లవాడు పన్నెండేళ్లకు బిగిసి పదిహేడేళ్లకు మళ్లీ సాగుతాడు. ఆ మధ్యకాలంలో ‘వీడు వంగడు’ అని తేల్చేసి జట్టు నుంచి తీసేసిన పిల్లలను నేను నా దగ్గరికి వచ్చినవాళ్లలోనే చూశాను.

లెక్కల_టీచరు (సిద్దిపేట)

నాది వ్యాయామ విద్య కాదు, గణితం. అయినా ఈ చర్చ చదువుతుంటే ఒక ప్రశ్న అడగకుండా ఉండలేకపోతున్నాను. పీఈటీ గారూ, తగ్గింది ఆ ఒక్క పిల్లవాడికేనా, తరగతి మొత్తానికా? ఒకడికే తగ్గితే వాడిలో కారణం వెతకాలి. ఇంచుమించు అందరికీ ఒకే మోతాదులో తగ్గితే పిల్లలను వదిలిపెట్టి స్కేలును అనుమానించాలి.

ఇంకొకటి. మీ పెట్టె మీద పాదాలు ఆనే గీత ఏ అంకె దగ్గర ఉంది? నెట్‌లో వెతికితే ఒక్కో దేశపు పద్ధతిలో ఒక్కో చోట కనిపించింది. 1988 నాటి యూరప్ పరీక్షల వరుసలో పాదాల గీత 15 సెంటీమీటర్ల దగ్గర, అమెరికా బడుల ఫిట్‌నెస్‌గ్రామ్‌లో 9 అంగుళాల దగ్గర, అంటే సుమారు 23 దగ్గర, కెనడా పద్ధతిలో 26 దగ్గర ఉన్నాయి. ‘26’ అన్న ఒకే అంకె మొదటిదాంట్లో కాలివేళ్లను 11 సెంటీమీటర్లు దాటినట్టు, రెండోదాంట్లో 3 దాటినట్టు, మూడోదాంట్లో సరిగ్గా కాలివేళ్ల దగ్గరే ఆగినట్టు అవుతుంది. సున్నా ఎక్కడుందో రాయని కొలతను మా ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తే నేను మార్కులు వేయను.

ఊరిబడి_పీఈటీ

మేడం, మీ ప్రశ్న చూసి రిజిస్టరు తెరిచాను. రెండేళ్లూ కొలిచిన పిల్లలు 38 మంది. వారిలో 31 మందికి తగ్గింది. ఆ ఒక్క పేరు మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్న నేను ఈ వరుసను గమనించనే లేదు. ఇప్పటి పెట్టె మా ఊరి వడ్రంగి చేత చేయించింది, పాదాల గీత 23 దగ్గర ఉంది. నిరుడు పెట్టె లేక పక్క మండలంలోని ఒక బడి నుంచి అడిగి తెచ్చుకున్నాం. దాని మీద గీత ఎక్కడుందో నాకు గుర్తు లేదు. శనివారం వెళ్లి చూసి వస్తాను.

డాలస్_అమ్మ (టెక్సస్, అమెరికా)

మాది అనంతపురం, ఇప్పుడు ఉంటున్నది డాలస్ పక్కన. పైన చెప్పిన ఫిట్‌నెస్‌గ్రామ్‌ను తయారుచేసిన కూపర్ ఇన్‌స్టిట్యూట్ ఈ ఊళ్లోనే ఉంది. మా అబ్బాయి బడిలోనూ అదే పరీక్ష. ఇక్కడ రెండు కాళ్లూ ఒకేసారి చాపనివ్వరు. ఒక కాలు చాపి, రెండో మోకాలు మడిచి పాదం నేల మీద ఉంచి, ఒక్కో వైపు విడివిడిగా కొలుస్తారు. నాలుగుసార్లు వంగి, నాలుగోసారి ఒక సెకను ఆగాలి.

నాకు నచ్చింది ఏమిటంటే, 12 అంగుళాలు దాటినా రికార్డులో 12 అనే రాస్తారు. అతిగా వంగడాన్ని ప్రోత్సహించకూడదని అలా పెట్టారట. మగపిల్లలు అన్ని వయసుల్లోనూ 8 అంగుళాలు అందుకుంటే చాలు. ఆడపిల్లలకు పదేళ్ల వరకు 9, ఆపై పద్నాలుగేళ్ల వరకు 10, పదిహేను నుంచి 12. ‘ఆరోగ్యకరమైన పరిధిలో ఉన్నాడు’ అని ఒక్క ముక్క ఇంటికి వస్తుంది, ఎవరు మొదట ఎవరు చివర అన్న పట్టిక రాదు. మన దగ్గర ర్యాంకు లేని కొలత ఇంటికి వస్తే మా నాన్నగారు నమ్మి ఉండేవారు కాదు.

ఆరోగ్య_లెక్చరర్ (వ్యాయామ విద్యా కళాశాల, హైదరాబాద్)

డ్రిల్ మాస్టారు లేవనెత్తిన విషయాన్ని అంత తేలిగ్గా దాటవేయడం న్యాయం కాదు. ఈ పరీక్ష అసలు బడిలో ఎందుకు అన్నది పెద్ద ప్రశ్నే. 1954లో హాన్స్ క్రాస్, రూత్ హిర్ష్‌లాండ్ అనేవారు అమెరికా, యూరప్ పిల్లలకు ఆరు చిన్న పరీక్షలు పెట్టారు. అందులో ఒకటి మోకాళ్లు వంచకుండా నేల తాకడం, అంటే మన మాస్టారి పరీక్షే. అమెరికా పిల్లల్లో సగానికి పైగా కనీసం ఒక పరీక్షలో తప్పారు, యూరప్ పిల్లల్లో అలా తప్పినవారు పదిమందిలో ఒకరి కంటే తక్కువ. ఆ వార్త అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ దాకా వెళ్లి, 1956లో యువత దేహదారుఢ్యం కోసం అధ్యక్షుడి పేరిట ఒక మండలి ఏర్పడింది. నేల తాకని పిల్లలు ఒక దేశపు విధానాన్నే కదిలించారు.

అదే దేశంలో 2012లో వైద్య శాస్త్ర సంస్థ నిపుణులు పిల్లల దేహదారుఢ్య పరీక్షలన్నింటినీ సమీక్షించి, గుండె ఊపిరితిత్తుల సామర్థ్యానికి, కండరాల బలానికి ఆరోగ్యంతో సంబంధం కనిపిస్తోంది కానీ, శరీరపు సాగుదలకు పిల్లల ఆరోగ్య ఫలితాలతో గట్టి సంబంధం చూపే ఆధారం చాలదని తేల్చారు. అందుకే జాతీయ సర్వేల్లో దాన్ని పెట్టమని సిఫారసు చేయలేదు. బడుల్లో విద్యాపరంగా ఉపయోగించుకోవచ్చన్నారు. యూరప్‌లో తర్వాత వచ్చిన ఆల్ఫా పరీక్షల వరుసలోనూ సాగుదల పరీక్ష లేదు.

నా అభిప్రాయం చెబుతాను. దీన్ని బడి నుంచి తీసేయనక్కరలేదు. కానీ దీనికి మార్కులు వేయడం, బడులను పోల్చడం, పీఈటీని నిలదీయడం మాత్రం ఆ అంకె మోయలేని బరువు. క్రీడా పాఠశాలల ప్రవేశాల దగ్గర ఈ మాట మరీ వర్తిస్తుంది. హకీంపేట క్రీడా పాఠశాల నాలుగో తరగతి ప్రవేశాలకు పెట్టే పరీక్షల వరుసలోనూ సాగుదల పరీక్ష ఉంటుంది. ఎనిమిదీ తొమ్మిదేళ్ల వయసులో కొలత తీసుకోవడం తప్పు కాదు, ఆ వయసు కొలతతో పదహారేళ్ల క్రీడాకారుణ్ని ఊహించడమే కష్టం.

షటిల్_శిక్షకుడు (గుంటూరు)

బడి వేరు, మైదానం వేరు. మా అకాడమీలో సిట్ అండ్ రీచ్ తీసేసి మూడేళ్లయింది. ఆటను బట్టి కీలును ఎంచుకుంటాం. బ్యాడ్మింటన్‌లో నెట్ దగ్గర ముందుకు దూకి లంజ్ వేసే (పెద్ద అడుగు వేసి మోకాలు వంచే) కాలికి చీలమండ వంగాలి. దాన్ని కొలవడానికి ఒక గోడ, ఒక టేపు చాలు. నేల మీద గోడ అడుగు నుంచి టేపు అతికించి, పిల్లవాడి బొటనవేలును టేపు మీద ఉంచి, మడమ లేవకుండా మోకాలిని గోడకు తాకించమంటాం. తాకితే పాదాన్ని ఇంకాస్త వెనక్కి జరుపుతాం. తాకగలిగిన గరిష్ఠ దూరమే కొలత. ఒక సెంటీమీటరు తేడా అంటే చీలమండలో సుమారు మూడున్నర డిగ్రీలు.

పిల్లలు ఇక్కడ చేసే మోసం మడమను అగ్గిపెట్టెమందం లేపడం. కంటికి కనబడదు. అందుకని మడమ కింద ఒక నోటుబుక్కు కాగితం పెట్టి, మోకాలు గోడకు తాకిన క్షణంలో దాన్ని మెల్లగా లాగి చూస్తాను. కాగితం ఊడి వస్తే ఆ కొలత చెల్లదు. కుడి ఎడమల తేడా ఎంతన్నదే నేను ముందు చూసుకుంటాను, మొత్తం ఎంతన్నది ఆ తర్వాత.

భుజానికి మాత్రం కోణాన్ని కొలిచే పరికరం కావాలి. రాకెట్ పట్టే చెయ్యి లోపలికి తిరగడం తగ్గి, బయటికి తిరగడం పెరగడం ఈ ఆటలో మామూలే. ఎదిగే వయసులో ఎముకే కొంత మెలి తిరుగుతుంది కాబట్టి లోపలి తిరుగుడు ఒక్కటే చూసి భయపడకూడదు. రెండు తిరుగుళ్లనూ కలిపి రెండో చేతితో పోల్చాలి. లోపలి తిరుగుడులో 20 డిగ్రీలకు పైబడి తేడా ఉండి, మొత్తం కూడా తగ్గి ఉంటే అప్పుడు ఫిజియో దగ్గరికి పంపుతాను.

కూచిపూడి_తల్లి (రాజమహేంద్రవరం)

నాకు దీనికి ఎదురు సమస్య ఉంది. మా పాపకు పదేళ్లు. మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు ఆనిస్తుంది, బొటనవేలిని వెనక్కి తెచ్చి ముంజేతికి తాకిస్తుంది. డాన్సు క్లాసులో అందరూ మెచ్చుకుంటారు. కానీ రాత్రిళ్లు మోకాళ్లు నొప్పి అంటోంది. ఇది మంచి సాగుదలేనా?

కోణమాపకం (ఫిజియోథెరపిస్ట్, విశాఖపట్నం)

అమ్మా, కండరం సాగడం ఒకటి, కీలు వదులుగా ఉండడం ఇంకొకటి. రెండోదాన్ని చూడటానికి 1973 నుంచి వాడుకలో ఉన్న బైటన్ స్కోరు ఉంది. దక్షిణాఫ్రికాలో ఒక సమాజాన్ని పరిశీలించే పనిలో అది పుట్టింది. చిటికెన వేలు 90 డిగ్రీలు దాటి వెనక్కి వంగడం, బొటనవేలు ముంజేతిని తాకడం, మోచేయి 10 డిగ్రీలు దాటి వెనక్కి పోవడం, మోకాలు అలాగే పోవడం, ఈ నాలుగింటికీ కుడికొకటి ఎడమకొకటి చొప్పున ఎనిమిది. అరచేతులు నేలకు ఆనితే ఒకటి. మొత్తం తొమ్మిది. యుక్తవయసు రాని పిల్లలు సహజంగానే వదులుగా ఉంటారు కనుక, 2017 నాటి అంతర్జాతీయ ప్రమాణాలు వారికి 6, ఆపైన ఉంటేనే లెక్కలోకి తీసుకోమన్నాయి.

స్కోరు ఎక్కువైనంత మాత్రాన జబ్బు కాదు, ఎంతోమంది నర్తకులు అలాగే హాయిగా ఉంటారు. నొప్పి కూడా ఉందన్నారు కాబట్టి ఒకసారి పిల్లల వైద్యులకు చూపించండి. ఈలోగా ఇంకా సాగదీయించకండి. ఆ పాపకు కావలసింది తొడ కండరాల బలం.

ఊరిబడి_పీఈటీ

శనివారం పక్క మండలానికి వెళ్లి వచ్చాను. లెక్కల మేడంకు పాదాభివందనం. ఆ పెట్టె మీద పాదాల గీత 26 దగ్గర ఉంది. అంటే నిరుడు మా వాడు సరిగ్గా కాలివేళ్ల దగ్గర ఆగాడు, ఈ ఏడాది కాలివేళ్లకు ఒకటిన్నర సెంటీమీటర్లు ఇవతల ఆగాడు. తగ్గింది నాలుగున్నర కాదు, ఒకటిన్నర. అందరి కొలతలనూ పాదాల గీత నుంచి లెక్కగట్టి మళ్లీ రాస్తే, 31 మంది కాస్తా 14 మంది అయ్యారు.

పైగా నిరుడు కొలిచింది మధ్యాహ్నం మూడున్నరకు, ఆటల పీరియడు అయ్యాక. ఈసారి ప్రార్థన కాగానే, పిల్లల ఒళ్లు ఇంకా పొద్దుటి బిగువులో ఉండగా కొలిచాను. ఆ ఒకటిన్నరలో ఎంత ఎదుగుదలదో, ఎంత పొద్దుటిదో విడదీయడం నా వల్ల కాదు. ఇకమీదట ఒకే పెట్టె, ఒకే వేళ, చెప్పులు విప్పి, ఐదు నిమిషాలు నడిపించాక, ఒకే మనిషి కొలవాలని రిజిస్టరు మొదటి పేజీలో రాసి పెట్టాను. గోడకు ఆనించి సున్నా పెట్టే పద్ధతిని కూడా ఆరుగురితో మొదలుపెట్టాను. ప్రధానోపాధ్యాయులకు రెండు పెట్టెల ఫోటోలూ చూపించాను, నవ్వేశారు.

కోణమాపకం (ఫిజియోథెరపిస్ట్, విశాఖపట్నం)

చాలా సంతోషం. పోయే ముందు ఒక ప్రశ్న. ఏడాదిలో ఎనిమిది సెంటీమీటర్లు పెరిగి, రోజూ కబడ్డీ ఆడే పిల్లవాడు కదా, మోకాలి దగ్గర నొప్పి ఉందేమో అడిగారా? ఈ వయసులో తొడ ముందు కండరం బిగుసుకుంటే, అది మోకాటి చిప్ప కింద ఎముక బుడిపెను లాగుతూ అక్కడ వాపు, నొప్పి తెస్తుంది. ఆస్‌గుడ్ ష్లాటర్ అంటారు. మీ పెట్టె తొడ వెనక భాగాన్నే చూస్తుంది కాబట్టి ముందు భాగం అందులో పడదు. బోర్లా పడుకోబెట్టి, తుంటి పైకి లేవకుండా, మడమను మెల్లగా పిరుదు వైపు మడిచి, ఎక్కడ ఆగిందో రెండు కాళ్లకూ చూడండి. నొప్పి అన్నచోట ఆపేయండి, బలవంతం వద్దు.

ఊరిబడి_పీఈటీ

ఇప్పుడే చూశాను. ఎడమ మడమ పిరుదుకు తాకింది. కుడి మడమ నాలుగు వేళ్ల దూరంలో ఆగింది, ఇంకొంచెం మడిస్తే తుంటి లేస్తోంది. మోకాటి చిప్ప కింద వేలు పెడితే ‘అక్కడే సార్’ అన్నాడు. రైడింగుకు పోయి మోకాలి మీద పడినప్పుడల్లా నొప్పి పుడుతుందట, జట్టులోంచి తీసేస్తానని భయపడి రెండు నెలలుగా చెప్పలేదట. వాళ్ల అమ్మకు ఫోను చేశాను. సోమవారం ఆసుపత్రికి తీసుకువెళుతున్నాం.